పొరుగు సేవలు: ఖాళీ సమయం ఎవరి ఖాతాలో?

ఒక సంస్థ తనకు కావలసిన పనిని సొంత ఉద్యోగుల చేత చేయించుకోకుండా బయటి సంస్థకు ఒప్పందం మీద అప్పగించడాన్ని పొరుగు సేవ, అంటే అవుట్‌సోర్సింగ్, అంటారు; ఆ బయటి సంస్థ వేరే దేశంలో ఉంటే దానికి ఆఫ్‌షోరింగ్ అని పేరు. ఊడ్చడం, కాపలా, క్యాంటీన్ వంటి పనులను ఇలా అప్పగించడం పాత అలవాటే. గత అర్ధ శతాబ్దంలో ప్రోగ్రాములు రాయడం, జమాఖర్చులు చూడటం, ఎక్స్‌రేలు చదవడం, కోర్టు కాగితాలు వడపోయడం వంటి చదువుకున్నవాళ్ల పనులు కూడా అదే దారి పట్టాయి. ఈ పరిణామంపై నడిచిన చర్చలో అధిక భాగం, ఉద్యోగాలు ఎక్కడ పోయాయి, ఎక్కడ వచ్చాయి అన్న లెక్క చుట్టూ తిరిగింది. ఆ లెక్క ముఖ్యమైనదే గాని, దాని అడుగున అంతకంటే మొండి ప్రశ్న ఒకటి ఉంది. పనిని ముక్కలు చేసి, కొలిచి, ముక్కకు ఇంత అని వెల కట్టాక, ఆ కొలతకు అందని సమయం మిగిలిపోతుంది: పని కోసం ఎదురుచూసే సమయం, నేర్చుకునే సమయం, ఒక ఒప్పందం ముగిసి మరొకటి మొదలయ్యేదాకా గడిచే సమయం. దానికి డబ్బు ఎవరు పెట్టుకోవాలి? నైపుణ్య సేవల చరిత్రను ఈ ప్రశ్న పట్టుకుని చదివితే, విడివిడిగా కనిపించే పరిణామాలు చాలావరకు ఒకే వరుసలోకి వస్తాయి.

సంస్థ అనేది అసలు ఎందుకు ఉండాలని 1937లో ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ అడిగాడు. అవసరమైన ప్రతి పనినీ బజారులో కొనుక్కోవచ్చు గదా, జీతాలిచ్చి మనుషులను ఎందుకు పోషించాలి అన్నది అతని ప్రశ్న. బజారులో కొనడానికీ ఖర్చుంటుందన్నది అతని జవాబు: మనిషిని వెతకాలి, బేరమాడాలి, ఒప్పందం రాసుకోవాలి, పని సరిగా జరిగిందో లేదో చూసుకోవాలి, ఆ ఖర్చు జీతం కంటే ఎక్కువైన చోట సంస్థ పుడుతుంది. ఈ తర్కాన్ని తిరగేస్తే పొరుగు సేవల సిద్ధాంతం మొత్తం వస్తుంది. వెతకడం, రాసుకోవడం, పర్యవేక్షించడం చౌకైనకొద్దీ సంస్థ గోడలు లోపలికి జరుగుతాయి. 1989లో కొడాక్ కంపెనీ తన కంప్యూటర్ కేంద్రాల నిర్వహణను ఐబీఎంకు అప్పగించినప్పుడు, అంత పెద్ద సంస్థ అంత కీలకమైన పనిని బయటికివ్వడం యాజమాన్య లోకంలో కొత్త సంగతి. మరుసటి ఏడాది సి.కె. ప్రహ్లాద్, గ్యారీ హామెల్ కలిసి, సంస్థ తన మూల సామర్థ్యం మీదే నిలబడాలని రాసిన వ్యాసం ఈ ధోరణికి సిద్ధాంత బలమిచ్చింది. ఏది మూలం, ఏది కొసరు అన్న నిర్ణయం మాత్రం ఎప్పుడూ పైనున్నవారిదే. కొసరుగా తేలిన శాఖలో పనిచేసేవారిని ఎవరూ అడగలేదు.

కోస్ చెప్పని సంగతి మరొకటి ఉంది. పనిని బయటికివ్వాలంటే ముందు దాన్ని విడదీయగలగాలి. కార్ఖానాలో చేతిపనిని ముక్కలుగా విడదీసి, గడియారం పెట్టి కొలిచే పద్ధతికి 1911లో ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రం హోదా కల్పించాడు. ఆలోచించే పని ఒకరిది, అమలు చేసే పని మరొకరిది అయ్యేలా చేయడమే ఆ పద్ధతి సారమనీ, అది కార్ఖానా దాటి ఆఫీసు గుమాస్తా బల్ల దాకా వచ్చిందనీ 1974లో హ్యారీ బ్రేవర్‌మన్ విమర్శించాడు. సరిగ్గా ఆ ఏడాదే టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అమెరికాలోని బరోస్ కంపెనీ కోసం సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టడం యాదృచ్ఛికమే అయినా, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం దండగ కాదు.

సముద్రం దాటిన పనులపై ఆర్థికవేత్తల వాదం 2004లో పతాక స్థాయికి చేరింది. 2015 నాటికి అమెరికా నుంచి 33 లక్షల సేవా ఉద్యోగాలు తరలిపోతాయని ఫారెస్టర్ సంస్థ 2002లో వేసిన అంచనా అప్పటికే వార్తల్లో నలుగుతోంది. అమెరికా అధ్యక్షుని ఆర్థిక సలహా మండలి అధ్యక్షుడుగా ఉన్న గ్రెగరీ మాన్‌క్యూ, ఇది అంతర్జాతీయ వాణిజ్యంలో కొత్త పద్ధతి మాత్రమేననీ, దీర్ఘకాలంలో దేశానికి లాభమేననీ అనడంతో ఎన్నికల ఏడాదిలో దుమారం రేగింది. భగవతి, పనగరియా, శ్రీనివాసన్ కలిసి రాసిన వ్యాసం మాన్‌క్యూ పక్షాన నిలిచి, తరలిపోయే ఉద్యోగాలు ఏటా అమెరికాలో సహజంగా పోయే, వచ్చే ఉద్యోగాల ముందు స్వల్పమని వాదించింది. ఆ వ్యాసం వచ్చిన పత్రికలోనే, అదే ఏడాది, పాల్ శామ్యూల్సన్ భిన్నంగా రాశాడు: ఒక దేశం ఏ రంగంలో ముందుందో సరిగ్గా ఆ రంగంలోనే అవతలి దేశం ఉత్పాదకత పెంచుకుంటే, మొదటి దేశపు నిజ ఆదాయం శాశ్వతంగా తగ్గే అవకాశం సిద్ధాంతరీత్యా ఉందని ఆయన చూపాడు. ఈ వాదంలో ఇరుపక్షాలూ దేశాన్నే ఒక మనిషిగా లెక్కించాయి. దేశానికి లాభమా నష్టమా అని అడిగినంతసేపూ, ఆ దేశం లోపల లాభం ఒకరికి, నష్టం మరొకరికి పడుతున్న సంగతి అడుగున ఉండిపోయింది.

ఆ లోటును కొంత పూరించినవాడు ఆర్థికవేత్త ఆలన్ బ్లైండర్. 2006లో ఆయన వేసిన విభజన సులువైనది, నేటికీ పనికొచ్చేది. ఎదుట మనిషి ఉంటేనే అందే సేవలు ఒక జాతి, తీగ మీద పంపినా నాణ్యత పెద్దగా తగ్గని సేవలు మరో జాతి. ఈ గీతకూ చదువుకూ సంబంధం లేదు. మంగలి, ప్లంబరు, ట్యాక్సీ డ్రైవరు గీతకు ఇవతల క్షేమంగా ఉంటారు, ప్రోగ్రామరు, అకౌంటెంటు అవతల ఉంటారు. అమెరికా ఉద్యోగాల్లో 22 నుంచి 29 శాతం దాకా ఈ గీతకు అవతల ఉన్నాయని ఆయన తరువాత లెక్క కట్టాడు. చదువే రక్షణ అనుకునే మధ్యతరగతికి ఇది చేదు మాట.

అయితే తీగ మీద పంపగలిగినదంతా నిజంగా పోలేదు. ఎక్స్‌రే, స్కాన్ చదివే రేడియాలజీని ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. బెంగళూరులో 2002లో మొదలైన టెలీరేడియాలజీ సొల్యూషన్స్ వంటి సంస్థలు, అమెరికాలో అర్ధరాత్రి తీసిన స్కాన్‌లను భారతీయ పగటివేళ చదివి పంపుతాయి. కానీ ఆ చదివే వైద్యులకు అమెరికా బోర్డు అర్హత, రాష్ట్రాల లైసెన్సులు ఉండాలి. పైగా దేశం వెలుపల చేసిన సేవకు మెడికేర్ బీమా డబ్బు చెల్లించదు గనుక, రాత్రి వెళ్లేది ప్రాథమిక నివేదిక, తెల్లవారాక అక్కడి వైద్యుడు ఇచ్చేదే తుది నివేదిక. సంతకానికి బాధ్యత ఉన్న చోట, ఆ బాధ్యతను చట్టం కాపాడిన చోట, పని ముక్కలు కావడం ఆగింది. న్యాయసేవలదీ అదే కథ: 2008లో అమెరికన్ బార్ అసోసియేషన్ పనిని బయటికివ్వడానికి అభ్యంతరం లేదంటూనే, పర్యవేక్షణ బాధ్యత అప్పగించిన న్యాయవాదిదేనని తేల్చింది. కనుక భారతదేశానికి వచ్చింది వాదన కాదు, పత్రాల వడపోత.

బాధ్యతా సంతకం లేని పనులు ఏమయ్యాయో తెలియాలంటే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చరిత్ర చూడాలి. అమెరికా వైద్యుడు రోగిని చూశాక చెప్పే మాటలను విని, పత్రంగా టైపు చేయడమే ఆ పని. 1990ల చివర బెంగళూరు, హైదరాబాదు, చెన్నై నగరాల్లో వెలసిన ఈ కేంద్రాల్లో మనిషి చెవులకు హెడ్‌ఫోన్, పాదం కింద పెడల్ ఉండేవి. పెడల్ తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, వెనక్కి జరుపుతుంది. కొలమానం పంక్తి: ఖాళీలతో కలిపి 65 అక్షరాలకు ఒక పంక్తి, పంక్తికి ఇంత. వైద్యుడు తింటూ మాట్లాడినా, పంజాబీ యాసలోనో ఫిలిప్పీన్స్ యాసలోనో మాట్లాడినా, ఒక పదం కోసం పదిసార్లు వెనక్కి వెళ్లినా ధర పంక్తికే. ఇలియం అన్న శబ్దం తుంటి ఎముకకూ వర్తిస్తుంది, చిన్నపేగు చివరి భాగానికీ వర్తిస్తుంది. ఇంగ్లీషులో ఒక్క అక్షరమే తేడా. ఏది రాయాలో శబ్దం చెప్పదు, ముందు వెనుక వాక్యాల్లోని రోగం చెబుతుంది. ఆ రోగం తెలియడానికి చదివిన గంటలు ఏ పంక్తి లెక్కలోనూ ఉండవు. తెలియకపోతే ఖాళీ గీత వదిలి పైనున్న పరిశీలకునికి పంపాలి, ఖాళీలు పెరిగితే నాణ్యత మార్కు తగ్గుతుంది.

తరువాత మాటను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ వచ్చింది. యంత్రం ముసాయిదా రాస్తుంది, మనిషి దిద్దుతాడు. దిద్దుబాటు గనుక పంక్తి ధర తగ్గింది. తప్పులతడకగా ఉన్న ముసాయిదాను దిద్దడం కంటే మొదటి నుంచి టైపు చేయడమే తేలికైన రోజులుండేవి గాని, ధర మాత్రం దిద్దుబాటుదే. 2009 తరువాత అమెరికా ప్రభుత్వం ఎలక్ట్రానిక్ వైద్య రికార్డులకు ప్రోత్సాహక నిధులిచ్చాక వైద్యులే తెరమీద గడులు నింపడం పెరిగి, ఈ వృత్తి మరింత సన్నగిల్లింది. ఆ చేతులు చాలావరకు మెడికల్ కోడింగ్‌కు మళ్లాయి. ఇది చికిత్సా పత్రాన్ని చదివి, బీమా కంపెనీకి అర్థమయ్యే సంకేతాలుగా మార్చే పని. 2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-10 పద్ధతికి మారడంతో రోగ సంకేతాలు సుమారు 14,000 నుంచి 68,000 దాకా పెరిగాయి. రెండో రకం మధుమేహం ఉపద్రవాలు లేకుండా ఉంటే ఇ11.9, దానివల్ల దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వస్తే ఇ11.22. ఆ మూత్రపిండ వ్యాధి మధుమేహం వల్ల కాదని వైద్యుడు పత్రంలో రాశాడా లేదా అన్నది చూసి తేల్చాలి. బీఫార్మసీ, మైక్రోబయాలజీ, నర్సింగ్ చదివినవారికి హైదరాబాదులో ఇదొక పెద్ద ఆసరా. రోజుకు ఇన్ని ఛార్టులు, వాటిలో 95 శాతం కచ్చితత్వం అన్నది సాధారణ నియమం. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద ఈ శిక్షణ ప్రకటనలు కనిపించని సందు అరుదు. కోడింగ్‌లో తీర్పు పాలు ఎక్కువ గనుక అది ట్రాన్స్‌క్రిప్షన్ కంటే నిలదొక్కుకుంది, అయినా దాన్ని కూడా ఛార్టుల లెక్కనే కొంటారు.

సాఫ్ట్‌వేర్‌లో కొలమానం గంట. విదేశీ మారక చట్టం షరతులకు ఒప్పుకోక ఐబీఎం 1978లో భారతదేశం విడిచి వెళ్లడం, 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉపగ్రహ సంబంధంతో బెంగళూరులో అడుగుపెట్టడం, 1991లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల వ్యవస్థ, 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభం, 2000 సంవత్సరపు తేదీల భయం తెచ్చిపెట్టిన కోట్ల గంటల పని, ఇవన్నీ ఎంతోమంది చెప్పిన చరిత్ర. 2001 నాటికి దాదాపు 600 కోట్ల డాలర్లున్న ఈ ఎగుమతులు ఇప్పుడు 20,000 కోట్ల డాలర్ల మేరకు ఉన్నాయి. 2024 నాటికి ఈ రంగంలో ఉద్యోగుల సంఖ్యను పరిశ్రమ సంఘం నాస్కామ్ 54 లక్షలుగా చెప్పింది. ఇక్కడ ఆగి చూడవలసింది ధర పద్ధతి. టైమ్ అండ్ మెటీరియల్ అనే ఒప్పందంలో ఖాతాదారు మనిషి గంటకు ఇంత అని చెల్లిస్తాడు. ఖాతాదారు డబ్బు చెల్లించే ఉద్యోగి బిల్లబుల్. ప్రాజెక్టు అయిపోయి, తరువాతి ప్రాజెక్టు కోసం ఎదురుచూసే ఉద్యోగి బెంచ్ మీద ఉన్నట్లు. మొత్తం ఉద్యోగుల్లో బిల్లు అవుతున్నవారి వాటాను యుటిలైజేషన్ అంటారు, స్టాక్ మార్కెట్ ప్రతి మూడు నెలలకూ దీన్ని అడుగుతుంది. పది శాతం ఖాళీగా ఉంచుకోవడం ఒకప్పుడు దండగ ఖర్చు కాదు, కొత్త ఒప్పందం రాగానే మనుషులను దించగల సత్తా. అంటే ఖాళీ సమయం కంపెనీ ఖాతాలో ఉండేది.

ఆ ఖాతా మెల్లగా చేతులు మారింది. 2025 జూన్‌లో టాటా కన్సల్టెన్సీ తెచ్చిన నియమం ప్రకారం ఉద్యోగి ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లు కావాలి, బెంచ్ మీద 35 రోజులు మించకూడదు. ఆ తరువాతి నెలలోనే సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే సుమారు 12,000 మందిని, తగ్గిస్తున్నట్లు ఆ సంస్థ ప్రకటించింది. ప్రాజెక్టు దొరకడం ఖాతాదారుల చేతుల్లో, పంపిణీ మేనేజర్ల చేతుల్లో ఉండగా, దొరకకపోవడం మాత్రం ఉద్యోగి తప్పుగా లెక్కకు వస్తుంది. ఇందుకు ఎదురుగా పెట్టి చూడవలసిన ఘటన 2022 నాటిది: పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తొలగించింది. పని లేని గంటకు వెల లేదంటూనే పని అయిపోయిన గంట మీద కూడా హక్కు అడగడంలోని వైరుధ్యం అప్పటి చర్చలో తగినంతగా పైకి రాలేదు.

ఖాళీ సమయపు ప్రశ్నను అందరికంటే ముందు, అందరికంటే లోతుగా పట్టుకున్న పుస్తకం తెలుగువాళ్ల గురించినదే కావడం గమనించదగ్గది. చైనాకు చెందిన మానవ శాస్త్రవేత్త షియాంగ్ బియావ్ సిడ్నీలోనూ, హైదరాబాదులోనూ పరిశోధన చేసి 2007లో ప్రచురించిన 'గ్లోబల్ బాడీ షాపింగ్', తెలుగునాట కన్సల్టెన్సీ అని పిలిచే దళారీ సంస్థలు ఎలా పనిచేస్తాయో చూపింది. మనిషిని వీసా మీద తెప్పించి, పని ఉన్నప్పుడు ఖాతాదారుకు అద్దెకిచ్చి, పని లేనప్పుడు జీతం లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టడంలోనే ఈ వ్యాపారపు కీలకం ఉంది. మార్కెట్ ఎగుడుదిగుళ్ల దెబ్బ ఖాతాదారుకు తగలదు, దళారీకి అంతగా తగలదు, బెంచ్ మీదివాడికి తగులుతుంది. ఇంకా కిందికి దిగి చూస్తే, అతని శిక్షణకూ ప్రయాణానికీ పెట్టిన పెట్టుబడి కోస్తా పొలాల మిగులు నుంచి, కట్నం నుంచి వచ్చినదని షియాంగ్ వాదం. సాఫ్ట్‌వేర్ అల్లుడికి పెరిగిన కట్నం రేటు తెలుగు పాఠకునికి వార్త కాదు. దాన్ని ప్రపంచ సమాచార పరిశ్రమ మూలధనంలో భాగంగా లెక్కించడమే ఆ పుస్తకం చేసిన కొత్త పని. ఏ. అనీశ్ 2006లో రాసిన 'వర్చువల్ మైగ్రేషన్' ఇదే చిత్రానికి రెండో పార్శ్వం: మనిషి కదలకుండా శ్రమ మాత్రమే వలసపోతే, ప్రోగ్రాము పని మీద తానే కాపలాదారు అవుతుందని ఆయన చెప్పాడు.

అమెరికా చట్టం ఈ బెంచ్ సంగతిని గుర్తించకపోలేదు. 1990 చట్టంతో ఏటా 65,000గా నిర్ణయించిన హెచ్-1బి వీసాల పరిమితిని 1998లో పెంచినప్పుడే, పని లేదన్న కారణంతో జీతం ఆపరాదని కూడా ఆ పెంపు చట్టంలోనే రాశారు. ఆచరణలో ఎడిసన్, ఇర్వింగ్ వంటి ఊళ్లలో కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లలో నలుగురైదుగురు ఒకే గదిలో సర్దుకుని ఇంటర్వ్యూ ఫోన్ల కోసం కాచుకున్న తరం ఒకటుంది. జీతం కాగితాలు సక్రమంగా కనిపించడం కోసం తన జీతం తానే కన్సల్టెన్సీకి కట్టి, తిరిగి జీతంగా అందుకునే ఏర్పాటు కూడా ఉండేది. దాన్ని పేరోల్ రన్ చేయించుకోవడం అనేవారు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు దేశం బయటున్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించడంతో, మనిషిని పంపే నమూనా మరింత కుదించుకుపోయి, పనిని తెప్పించుకునే నమూనాకు మొగ్గు పెరిగింది.

నేర్చుకునే సమయం సంగతి వేరే చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే కళాశాల రుసుమును ప్రభుత్వమే తిరిగి చెల్లించే పథకం, ఇంజనీరింగ్ చదువును పేద ఇళ్లకు చేర్చింది. కళాశాలల సంఖ్య 700 దాకా పాకింది. వాటిలో చాలావాటి చదువు నేరుగా ఉద్యోగానికి పనికిరాకపోవడంతో, ఆ లోటును అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల సంస్థలు పూడ్చాయి. రెండు మూడు నెలల కోర్సు, జెరాక్స్ నోట్సు, డెమో క్లాసు ఉచితం. పెద్ద కంపెనీలు మొదట్లో ఫ్రెషర్లను చేర్చుకుని నెలల తరబడి జీతమిస్తూ శిక్షణ ఇచ్చేవి. ఆ భారం క్రమంగా ప్రభుత్వ ఖజానా మీదికి, తండ్రి అప్పు మీదికి, హాస్టల్ అద్దె మీదికి జరిగింది. దశాబ్దంన్నర కాలంగా ఫ్రెషర్ జీతం ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గరే తచ్చాడుతుండగా ఈ బదిలీ జరిగిందన్నది మరిచిపోరాదు.

రాత్రి కూడా ఒక పెట్టుబడే. అమెరికా తూర్పు తీరానికీ భారతదేశానికీ మధ్య వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతాకాలంలో పదిన్నర గంటలు తేడా. ఈ తేడాయే ట్రాన్స్‌క్రిప్షన్‌కు వరం, ఎందుకంటే అక్కడి రాత్రి ఇక్కడ పగలు; అదే తేడా కాల్ సెంటర్‌కు శాపం, ఎందుకంటే ఖాతాదారు మేల్కొని ఉన్నప్పుడే ఫోన్ ఎత్తాలి. జనరల్ ఎలక్ట్రిక్ 1997లో గురుగ్రామ్ కేంద్రంగా నిలబెట్టిన బ్యాక్ ఆఫీసు తరువాత జెన్‌ప్యాక్ట్‌గా మారి ఈ రంగానికి బాట వేసింది. 2010 ప్రాంతానికి మాటల వ్యాపారంలో ఫిలిప్పీన్స్ ముందుకు వెళ్లింది. నిద్రలేమి, క్యాబ్‌లో గడిచే గంటలు బిల్లులో కనిపించవు.

తెలుగు జిల్లాల్లో పొరుగు సేవల ఉద్యోగి అంటే మాత్రం ఎక్కువమందికి గుర్తొచ్చేది హైటెక్ సిటీ కాదు, కలెక్టరేట్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటరు, జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియను, విద్యుత్ సబ్‌స్టేషన్ ఆపరేటరు. ఈ రెండు లోకాలను పరిశోధకులు వేర్వేరు అధ్యాయాల్లో పెడతారు గాని, యంత్రాంగం ఒక్కటే. ప్రభుత్వం పోస్టు మంజూరు చేయదు, పనిని మంజూరు చేస్తుంది. ఏజెన్సీ మనిషిని పంపుతుంది, కమీషన్ పట్టుకుంటుంది. బడ్జెట్ విడుదల ఆలస్యమైతే జీతం ఆగుతుంది. ఒప్పందం ఏటా పునరుద్ధరణ అవుతుంది. తేడా ఏమంటే, ఇక్కడ పని ఎన్నడూ ఆగదు. పదిహేనేళ్లుగా అదే కుర్చీలో అదే పని చేస్తున్న మనిషికి పని తాత్కాలికం కాదు, హోదా మాత్రమే తాత్కాలికం. మార్కెట్ ఎగుడుదిగుళ్లు అనే సాకు కూడా ఇక్కడ చెల్లదు. ఏజెన్సీల కోతలు, జమకాని పీఎఫ్ మీద ఫిర్యాదుల నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆప్కాస్ అనే సొంత కార్పొరేషన్‌ను ఏర్పరచి 2020 నుంచి ఈ నియామకాలను దాని ద్వారా నడిపింది. దళారీ స్థానంలో ప్రభుత్వమే వచ్చింది. పోస్టు మాత్రం పోస్టు కాలేదు.

న్యాయస్థానాల తీర్పుల్లోనూ ఈ తడబాటు కనబడుతుంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం శాశ్వత స్వభావం గల పనిలో కాంట్రాక్టును నిషేధించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు తమంతట తాము ముఖ్య యజమాని ఉద్యోగులైపోరని 2001లో సుప్రీంకోర్టు స్టీల్ అథారిటీ కేసులో చెప్పింది. 2006 నాటి ఉమాదేవి తీర్పు, రాజ్యాంగబద్ధమైన నియామకం లేనిదే క్రమబద్ధీకరణ హక్కు లేదంది. 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని కోర్టు ఒప్పుకుంది. 2024 డిసెంబరులో జగ్గో కేసులో మరో అడుగు వేసి, ఉమాదేవి తీర్పును దీర్ఘకాల ఉద్యోగుల హక్కుల మీద ఆయుధంగా వాడటాన్నీ, పొరుగు సేవలను కవచంగా వాడటాన్నీ తప్పుపట్టింది. వరుసగా చదివితే, మొదటి రెండు తీర్పులు మూసిన తలుపును తరువాతి రెండు కొద్దికొద్దిగా తెరుస్తున్నాయి. అయితే ప్రతిసారీ తలుపు తట్టవలసింది ఒంటరి ఉద్యోగే, అదీ సొంత ఖర్చుతో.

ఇక అప్పగించిన పనిని వెనక్కి తీసుకునే గాలి కూడా వీస్తోంది. గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు, వాడుకలో జీసీసీలు, అంటే విదేశీ సంస్థ మధ్యవర్తిని పక్కనపెట్టి భారతదేశంలో తానే నడుపుకునే కార్యాలయాలు, 2024 నాటికి 1,700 దాటాయనీ, వాటిలో 19 లక్షల మంది పనిచేస్తున్నారనీ నాస్కామ్, జిన్నోవ్ నివేదిక చెప్పింది. హైదరాబాదు వాటా 350కి పైగా. బ్యాంకులు, మందుల కంపెనీలు, దుకాణాల గొలుసులు ఇక్కడ సొంత ఇంజనీర్లను పెట్టుకుంటున్నాయి. కోస్ బతికి ఉంటే ఆశ్చర్యపోడు: కీలకమైన పనిని ఒప్పందంలో పూర్తిగా రాసుకోవడం కష్టమైనప్పుడు సంస్థ దాన్ని లోపలికి తెచ్చుకుంటుంది. ఇక్కడ బిల్లు ఉండదు గనుక బెంచ్ కూడా ఉండదు, జీతం మెరుగ్గా ఉంటుంది. కానీ ఆ కార్యాలయాల్లోనూ పక్క బల్ల మీద కాంట్రాక్టు సంస్థ పంపిన మనిషి ఉంటాడు. మెడలో ట్యాగ్ రంగు వేరు, క్యాంటీన్ ఒక్కటే. డేవిడ్ వైల్ 2014లో అమెరికా గురించి చెప్పిన బీటలువారిన పనిచోటు ఇదే: ఒకే పైకప్పు కింద అనేకమంది యజమానులు, బాధ్యత అడిగితే ఎవరూ కారు.

కృత్రిమ మేధ ఈ చర్చలోకి వచ్చాక భయాలూ జోస్యాలూ సమానంగా పెరిగాయి. జోస్యాల విషయంలో జాగ్రత్త అవసరం. అమెరికా ఉద్యోగాల్లో 47 శాతానికి యాంత్రీకరణ ముప్పు ఎక్కువని ఫ్రే, ఆస్బోర్న్ 2013లో అంచనా వేశారు. రేడియాలజిస్టులను తయారుచేయడం ఇక ఆపేయవచ్చని కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ 2016లో అన్నాడు. పదేళ్లు కావస్తున్నా అమెరికాలో రేడియాలజిస్టుల కొరతే వార్త. సంతకపు బాధ్యత పనిని సముద్రం దాటనివ్వనట్లే, యంత్రానికీ పూర్తిగా వదలలేదు. బాధ్యత లేని ముక్కల విషయంలో మాత్రం ట్రాన్స్‌క్రిప్షన్ అనుభవం మళ్లీ నడుస్తోంది: యంత్రం ముసాయిదా రాస్తుంది, మనిషి దిద్దుతాడు, దిద్దుబాటు గనుక ధర తగ్గాలని ఖాతాదారు అడుగుతాడు. గంట లెక్కన అమ్మే కంపెనీకి ఇది చిక్కు. పది గంటల పని నాలుగు గంటల్లో అయితే నాలుగు గంటల బిల్లే. అందుకే ఫలితం లెక్కన చెల్లించే ఒప్పందాల గురించి మాట పెరిగింది. మిగిలిన ఆరు గంటల లాభం ఖాతాదారుకా, కంపెనీకా, ఉద్యోగికా అన్న బేరంలో ఉద్యోగికి కుర్చీ లేదు.

మొదటి దెబ్బ మెట్ల అడుగున పడుతోంది. నాస్కామ్ లెక్కల ప్రకారం 2021-22లో ఈ రంగం నికరంగా నాలుగున్నర లక్షల మందిని చేర్చుకోగా, 2023-24లో ఆ సంఖ్య 60,000కు పడిపోయింది. దీనికి కరోనా కాలపు అతి నియామకాలు, అమెరికా వడ్డీ రేట్లు కూడా కారణాలే. అంతా కృత్రిమ మేధ మీదికి నెట్టడం తొందరపాటు. కానీ ఫ్రెషర్లు చేస్తూ నేర్చుకునే చిన్న పనులే యంత్రం ముందుగా ఎత్తుకుపోయేవి. రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కావాలని అందరూ అడిగి, ఆ రెండేళ్లు ఎవరూ ఇవ్వకపోతే, ఇరవై ఏళ్ల తరువాత సంతకం పెట్టగల అనుభవజ్ఞులు ఎక్కడి నుంచి వస్తారో పరిశ్రమ ఇంకా చెప్పలేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు ఈ లెక్కలో ఎక్కడ నిలుస్తాయో ఇప్పుడిప్పుడే పరిశీలనకు వస్తోంది. నిర్ణీత కాలపు ఉద్యోగికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ, వేదికల మీద పనిచేసే గిగ్ కార్మికులకు సామాజిక భద్రతలో చోటు, ఇవి కొత్తవి. పారిశ్రామిక సంబంధాల స్మృతిలోని పునర్నైపుణ్య నిధి ఈ వ్యాసపు ప్రశ్నకు నేరుగా తగులుతుంది: రిట్రెంచ్‌మెంట్‌కు గురైన, అంటే అవసరం లేదని యజమాని తొలగించిన, కార్మికుని చివరి వేతనంలో 15 రోజుల మొత్తాన్ని యజమాని ఆ నిధికి జమ చేయాలి, అది 45 రోజుల్లో కార్మికుని ఖాతాకు చేరాలి. ఖాళీ సమయానికీ, కొత్త విద్య నేర్చుకునే సమయానికీ యజమాని ఖాతా నుంచి చట్టం తీయించిన మొత్తం ఇది. కార్మికుడన్న నిర్వచనంలో సాంకేతిక పని కూడా ఉంది గనుక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి దాని కిందికి వస్తాడన్న వాదానికి బలముంది. అయితే ఐటీ కంపెనీల్లో తొలగింపు చాలాసార్లు తొలగింపు పేరుతో జరగదు. మానవ వనరుల శాఖ గదిలోకి పిలిచి రాజీనామా ఇవ్వమంటారు, ఇస్తే అనుభవ పత్రం శుభ్రంగా ఉంటుందంటారు. తరువాతి కంపెనీలో ఆ పత్రమే ముఖ్యం గనుక ఉద్యోగి సంతకం పెడతాడు. కాగితం మీద తానుగా వెళ్లిపోయినవాడికి ఆ 15 రోజులు కూడా రావు.